సారు చెప్పిన ధమని

మా తమ్ముణ్ణి చేర్పించిన ఆసుపత్రిలో డాక్టరు బాగా చిన్నవాడు. మరదలినీ నన్నూ పక్క గదిలోకి పిలిచి, కంప్యూటరు తెర మీద కొట్టుకుంటున్న గుండెను చూపించాడు. వేలు పెట్టి, "ఇగో అమ్మా, ఈ ఆర్టరీ చూడండి. ఇది మెయిన్ రోడ్డు లాంటిది. దీన్నుంచే గల్లీలన్నిటికీ రక్తం పోవాలి. ఇక్కడ జామ్ అయింది" అన్నాడు.

"ధమనా?" అన్నాను, నాకు తెలియకుండానే.

"ఏందమ్మా?"

"దాన్నే తెలుగుల ధమని అంటరు బిడ్డా."

"అవునా? మేం మొత్తం ఇంగ్లీషులనే చదివినం కదమ్మా" అని నవ్వి, మధ్యాహ్నానికల్లా స్టెంటు వేసేస్తామని, భయం లేదని చెప్పి వెళ్ళిపోయాడు.

మరదలు కళ్ళు తుడుచుకుంటూ ఫోన్లు చేసుకోవడానికి బయటికి పోయింది. నేను వరండాలో ఇనుప కుర్చీ మీద కూర్చున్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చి ఎన్నేళ్ళయిందో. మందుల వాసన కొట్టే ఆ వరండాలో కూర్చున్న నాకు ఒక్కసారిగా కొలిమి బొగ్గు వాసన, పచ్చి చెరుకాకు వాసన, సారు జేబులో ఉండే ఓమ వాసన ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

మాది ఎడపల్లి దగ్గర ఒక పల్లె. ఇల్లు సడక్ మీదే ఉండేది. మేము రోడ్డు అనేవాళ్ళం కాదు, సడక్ అనేవాళ్ళం. గడప దిగితే సడక్, సడక్ పట్టుకుని పడమరకు పోతే బోధన్, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ. చలి మొదలై ఫ్యాక్టరీ చెరుకు ఆడడం మొదలుపెట్టిందంటే ఇక మా గడప ముందు బండ్ల వరుస తెగేది కాదు. ఎడ్ల మెడ గంటలు, చక్రాల ఇనుప పట్టాల చప్పుడు, బండ్లవాళ్ళ కేకలు. గాలి పడమర నుంచి తిరిగితే చక్కెర వండగా మిగిలిన మడ్డి వాసన ఊరంతా కమ్ముకునేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం అది కడుపు నిండిన వాసన. అది రాని ఏడాది గురించి మా ఊళ్ళో ఎవరూ ఊహించి ఉండరు.

పిల్లలమంతా బండ్ల వెనక పరుగెత్తి చెరుకు గడలు గుంజేవాళ్ళం. "ఏయ్, ఎవలు వాళ్ళు!" అని బండ్లవాళ్ళు అరిచేవారే గాని ఒక్కడూ దిగి వెంబడించేవాడు కాదు. కొందరు అరుస్తూనే ఒక గడ తీసి కిందికి విసిరేవారు. రసం గడ్డం మీద కారి ఎండి, సాయంత్రానికి చర్మం పటపటలాడేది. అప్పుడే పసుపు తవ్వకాలు కూడా. వెనక దొడ్డిలో అవ్వ పెద్ద గంగాళంలో పసుపు కొమ్ములు ఉడకబెడుతుంటే ఆ ఆవిరికి మా జొన్నరొట్టెలు కూడా పసుపు వాసనే వేసేవి. మేము అమ్మను అవ్వ అనేవాళ్ళం, నాన్నను బాపు అనేవాళ్ళం.

బాపుకు ఒక తమ్ముడు. మా కాక. పొడవుగా, సన్నగా, ఎప్పుడూ నవ్వు మొహం. మా ఇంటి బండి తోలేది కాకే. తెల్లటి ఎడ్ల జత ఆయనది. వాటికి పెట్టకుండా తాను ఒక ముద్ద తినేవాడు కాదు. చక్రం కిర్రుమంటే తన పరువు పోయినట్టు దిగి ఇరుసుకు చమురు పూసేవాడు. బడికి ఒక్క రోజు పోయి, రెండో రోజు బావిలో ఈతకు పోయి, ఆ తర్వాత మళ్ళీ బడి మొహం చూడలేదట. "అక్షరాలు నాకు పడయి. వాటికి నేను పడ" అనేవాడు గొప్పగా.

అలాంటి ఇంట్లో, ముందు గదిలో, మా మాటలో ముందరి అర్రలో, మా బడి తెలుగు సారు అద్దెకు ఉండేవాడు. నిజామాబాదు పట్నం మనిషి. వాళ్ళ నాయన మూలికలతో మందులు చేసేవాడట. అంతవరకే మాకు తెలుసు. తెల్ల పైజామా, తెల్ల అంగీ, జేబులో ఓమ పొట్లం. భోజనం కాగానే చిటికెడు నోట్లో వేసుకునేవాడు. ఊళ్ళో అందరూ ఆయనను మాటల సారు అనేవారు. ఎక్కువ మాట్లాడతాడని కాదు. ఏ మాట విన్నా అది ఎక్కడ పుట్టిందో, ఏ దారిన మన దగ్గరికి వచ్చిందో చెప్పేవాడు.

ఒకరోజు అవ్వ చాయ్‌లో చక్కెర వేస్తుంటే, "చక్కెర అంటే ముందుగాల కంకర అమ్మా" అన్నాడు.

అవ్వ చెంచా ఆపి గిన్నెలోకి తొంగి చూసింది.

"సంస్కృతంల శర్కర అంటరు. గరుకు గరుకుగ ఉండే ఇసుకను, కంకరను అట్ల పిలిచేటోళ్ళు. చెరుకుపాకం గడ్డకట్టి పలుకులు పలుకులైతే అది గూడ గట్లనే కనిపించింది. గా పేరే దీనికి పెట్టిండ్రు."

కాక పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితె నేను రోజు బండి మీద ఫ్యాక్టరీకి కంకర మోస్తున్ననా? వదినా, నాకింత కంకర ఎక్కువెయ్."

కాకకు సారును ఆటపట్టించడం ఇష్టం. ఇద్దరం కలిసి లేని మాటలు పుట్టించేవాళ్ళం. పశువుల కొట్టంలో కూర్చుని కాక ఒక మాట చెప్పేవాడు, నేను దాన్ని మోసుకుపోయి సారును అడిగేదాన్ని.

"సారూ, ఝుంబట్టి అంటే ఏంది?"

సారు చదువుతున్నది పక్కన పెట్టి ఆలోచించేవాడు. "ఝుంబట్టి... ఎవరి నోట ఇన్నవ్ బిడ్డా?"

"కాక నోట."

"అయితే ఇది పాత మాట కాదు. మీ కాక బుర్రల పొద్దుగాలనే పుట్టింది. ఇంక పురుడు గూడ కాలేదు. పెంచుండ్రి, పెద్దగైనంక సూద్దాం."

కొట్టంలోంచి కాక నవ్వు వినిపించేది. సారూ నవ్వేవాడు, కాని పెదవులు బిగించుకుని.

ఆ చలికాలంలోనే సైన్సు పాఠంలో ధమనులు, సిరలు వచ్చాయి. గుండె నుంచి మంచి నెత్తురు తీసుకుపోయేవి ధమనులు, చెడ్డ నెత్తురు తెచ్చేవి సిరలు అని బట్టీ పట్టించారు. మాకు ఇంట్లో అన్నీ నరాలే. కాలు తిమ్మిరెక్కితే నరం, చెయ్యి తెగితే నరం, కోపమొస్తే నరం. రెండు కొత్త పేర్లు ఎందుకో నాకు అర్థం కాలేదు. సాయంత్రం సారును అడిగాను. ఆయన చెప్పులు వేసుకుని, "దా" అని నన్ను సడక్ అవతలికి తీసుకుపోయాడు.

అవతల కమ్మరి మామ కొలిమి. ఆ సీజనంతా ఆయనకు ఊపిరి సలపని పని. సడక్ మీద ఏ బండి పట్టా ఊడినా, ఏ ఇరుసు వంగినా ఆయన దగ్గరికే రావాలి. మేము పోయేసరికి కాక అక్కడే ఉన్నాడు, పట్టా బిగించుకోవడానికి చక్రం విప్పించి. మామ భార్య, మా అత్త, తోలుతిత్తి తాడు గుంజుతూ ఉంది. తిత్తి ఉబ్బినప్పుడల్లా గాలి తీసుకుని, నొక్కుకున్నప్పుడల్లా గొట్టంలోంచి బుస్సుమని వదిలేది. వదిలినప్పుడల్లా బొగ్గు ఎర్రగా లేచేది.

"గిదే సూడు ధమని" అన్నాడు సారు.

కమ్మరి మామ సుత్తె ఆపి, "ఏంది సారూ, నా తిత్తికి పేరు వెడుతున్నరా?" అన్నాడు.

"నేను వెట్టుడు కాదు, ఎప్పుడో వెట్టిండ్రు. ధమ అంటే ఊదుడు. ఊదే గొట్టం ధమని. పాతకాలపోళ్ళు పీనుగను కోసి సూస్తే ఈ పెద్ద నరాలల్ల నెత్తురు కనిపించలేదట. ఖాళీ గొట్టాలు. అండ్ల గాలి పోతదనుకున్నరట పడమటి దేశాలోళ్ళు. వాళ్ళు వెట్టిన పేరుల గూడ గాలే ఉన్నదని చెప్తరు. మనోళ్ళేమో మణికట్టు పట్టుకుని సూసిండ్రు. లోపట ఎవరో తిత్తి ఊదినట్టు కొట్టుకుంటున్నది. అందుకు ధమని అన్నరు."

కాక తన ఎడమ మణికట్టు మీద వేళ్ళు పెట్టుకున్నాడు. వెతికి వెతికి, దొరికాక కళ్ళు పెద్దవి చేశాడు. "ఉన్నది! మామా, నీ కొలిమి నా లోపట గూడ ఉన్నదే!"

"మరి పేపర్ల సడక్‌ను గూడ ధమని అని రాస్తరు గద సారూ?" అన్నాను. ఎక్కడ చూశానో గుర్తులేదు గాని ఆ మాట అన్నందుకు ఆయన నా తల మీద చెయ్యి వేసిన సంగతి గుర్తుంది.

"రాస్తరు. ఒంటికి నెత్తురెట్లనో ఊరికి రాకపోకలట్ల. ఉర్దూల గూడ సూడు, మెడల కొట్టుకునే నరాన్ని షారగ్ అంటరు, పెద్ద సడక్‌ను షారాహ్ అంటరు. రెండింట్లనూ షా ఉన్నడు. రాజనరం, రాజతోవ. ఏ దేశపోళ్ళకైనా లోపటి తోవ, బయటి తోవ ఒక్క తీరుగనే కనిపించినయి."

సడక్ మీద బండ్లు పోతూనే ఉన్నాయి. అత్త తిత్తి గుంజుతూనే ఉంది. నాకు ఆ సాయంత్రం అన్నీ ఊపిరి తీస్తున్నట్టే అనిపించాయి. ఇంటికి పోయి ఎడ్ల మెడ కింద చెవి పెట్టి విన్నాను. అవ్వ చూసి, "దీనికేమైందే!" అంది.

ఇది జరిగిన కొన్నాళ్ళకే.

మా చేను నరుకుతున్నారు. ఆ రోజు బడి లేదు. నేను అన్నం మూట పట్టుకుని బాపు దగ్గరికి పోయాను, సారు కూడా నడకకని వచ్చాడు. కాక నిండిన బండి మీద నిలబడి మోపులకు తాడు బిగిస్తున్నాడు. చెరుకు నరికే కత్తిని పక్కనున్న మోపులో గుచ్చి పెట్టడం ఆయనకు అలవాటు. అవ్వ ఎన్నిసార్లు తిట్టినా నవ్వి ఊరుకునేవాడు. ఆయన వెనక్కి వాలి బలమంతా పెట్టి గుంజుతుంటే తాడు తెగింది. మోపుల మీదుగా జారి, ఆ కత్తి ఉన్న వైపే పడ్డాడు.

కింద పడి వెంటనే లేచి కూర్చున్నాడు. "ఏం కాలే, ఏం కాలే" అంటున్నాడు. కుడి మోచేతి లోపలి వైపు నుంచి నెత్తురు ఎగిరి నా లంగా మీద పడింది. కారడం కాదు. ఆగి, ఎగిరి, ఆగి, ఎగిరింది. నా కళ్ళకు కొలిమి దగ్గరి తిత్తి కనిపించింది. ధమని అన్న మాటకు అర్థం అంత బాగా తెలియకపోయినా బాగుండేదని ఈ నాటికీ అనుకుంటాను.

సారు పరుగెత్తుకొచ్చి కాక చంక కిందుగా చెయ్యి లోపలి వైపు బొటనవేలితో నొక్కిపట్టాడు. ఎగరడం తగ్గింది. ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. "పటేలా, బండి ఖాళీ చెయ్యి. బోధన్‌కు పోవాలె. నేను వేలు తియ్య" అన్నాడు బాపుతో.

బాపు, కూలీలు కలిసి చెరుకును కిందికి తోసేశారు. కాకను పడుకోబెట్టారు. నన్ను దింపబోతే నేను బండి పలక పట్టుకుని వదల్లేదు. "ఉండనీ, తలకాయ ఒళ్ళె వెట్టుకుంటది" అన్నాడు సారు.

సడక్ ఎక్కగానే వరుస ఎదురైంది. ఒక పక్క నిండిన బండ్లు, ఇంకో పక్క తిరిగొచ్చే ఖాళీ బండ్లు. కొలిమి దగ్గర కమ్మరి మామ మమ్మల్ని చూసి, పట్టుకారు పారేసి బండి ముందు పరుగెత్తాడు. "తోవ ఇడువుండ్రి! నెత్తురు వోతున్నది! తోవ ఇడువుండ్రి!"

బండ్లు జరిగాయి. ఒక్కొక్కటీ చక్రం అంచు దిగేదాకా జరిగింది. కొంత దూరం పోయాక కాలువ దాటే మోరీ మీద ఒక బండి ఇరుసు విరిగి అడ్డంగా కూలబడి ఉంది. దాని వెనక ఎటూ కదలని గుంపు. బాపు ఎడ్లను ఆపి తల పట్టుకున్నాడు. రెంజల్ దిక్కు నుంచి వచ్చిన మరాఠీ బండ్లవాళ్ళు ముందుకు దూకారు. "సర్కా! సర్కా!" అని, జరగమని వాళ్ళ భాషలో అరుస్తూ, విరిగిన బండిలోని చెరుకును కాలువలోకి ఎత్తిపోశారు. ఆ బండి ఎవరిదో ఆ ముసలాయనే మొదటి మోపు ఎత్తి కాలువలో వేశాడు. ఆ తర్వాత పది మంది చేతులేసి బండిని పక్కకు లాగారు. మాది దాటాక వెనక్కి తిరిగి చూశాను. నీళ్ళలో తేలుతున్న తన చెరుకు వైపు కాదు, మా వైపే చూస్తూ చేతులు జోడించి నిలబడి ఉన్నాడు ఆయన.

కాక కళ్ళు మూతలు పడుతున్నాయి. "మాట్లాడు బిడ్డా. నిద్ర పోనియ్యకు. ఏదన్న మాట్లాడు" అన్నాడు సారు. ఆయన బొటనవేలు మాత్రం కదలడం లేదు.

నేను ఏవేవో చెప్పాను. అవ్వ సంగతి, ఎడ్ల సంగతి, చెరుకు సంగతి అన్నీ అయిపోయాయి. చివరికి మేము పుట్టించిన మాటలు వరుసగా చెప్పడం మొదలుపెట్టాను. "కాకా, ఝుంబిత్తి అంటే ఏంది?"

ఆయన పెదవులు కదిలాయి. చెవి ఆనించాను.

"ఝుంబిత్తి కాదే... ఝుంబట్టి."

సారు తల పక్కకు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూశాను. నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియదు.

బోధన్ ఆసుపత్రిలో డాక్టరు చాలాసేపటికి బయటికొచ్చి, తెగినదాన్ని ముడివేశామని, ప్రాణానికి భయం లేదని చెప్పాడు. చెయ్యి ఉంటుంది గాని పనికి రాదని కూడా చెప్పాడు. లోపల ఇంకో నరం తెగిపోయిందట. సారు బొటనవేలు వంగి అలాగే బిగుసుకుపోయింది. అక్కడి నర్సమ్మ వేడినీళ్ళలో పెట్టి నిదానంగా సాపు చేసింది. బాపు ఆయన కాళ్ళ మీద పడబోతే, "నాకెందుకు, సడక్ మీదోళ్ళకు మొక్కు" అన్నాడు.

ఇంటికొచ్చిన కాక మా కాక కాదు. కుడి చెయ్యి ఎండిన కొమ్మలా వేలాడేది. ఎడ్లను కూలివాడు తోలుకుపోతుంటే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అవ్వ ముద్ద కలిపి నోటికందిస్తే పళ్ళెం తోసేసేవాడు. ఒకనాడు సారు పలకరించడానికి పోతే, నేను గుమ్మం దగ్గరే ఉన్నాను, కాక లేచి కూర్చుని అడిగాడు.

"వేలు ఎందుకు తియ్యలేదు సారూ? తీస్తే ఆడికే అయిపోతుండె గద."

సారు తన అర్రలోకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అన్నానికి రాలేదు. అవ్వ పిలిస్తే ఆకలి లేదన్నాడు.

తెల్లవారి ఆయన ఒక పలక తెచ్చి కాక మంచం మీద పెట్టాడు. "ఎడమ చెయ్యి ఖాళీగనే ఉన్నది గద తమ్మీ" అన్నాడు. కాక పలకను చూడనైనా లేదు. అది అలాగే అక్కడే ఉండిపోయింది. దాని మీద నేను బొమ్మలు గీసుకున్నాను.

కొన్నాళ్ళకు సారు ఇంకో పని చేశాడు. కొలిమిలోంచి బొగ్గు ముక్క తెచ్చి, పశువుల కొట్టం గోడ మీద పెద్దగా రాశాడు. కాక గడప దగ్గర కూర్చుని చూస్తున్నాడు.

"ఏం రాస్తున్నవ్ సారూ గోడ ఖరాబు చేసుకుంట?"

"నీ ఎడ్ల పేర్లు."

కాక లేచొచ్చాడు. గోడ ముందు నిలబడ్డాడు. "ఇండ్ల ఎడమ ఎద్దు ఏది, వలపటి ఎద్దు ఏది?" అని అడిగాడు. సారు చూపించాడు. కాక ఎడమచేత్తో ఒక్కో అక్షరం మీదుగా వేలు నడిపించాడు, ఎద్దు వీపు నిమిరినట్టు. ఆ తర్వాత సారు చేతిలోంచి బొగ్గు తీసుకున్నాడు.

అలా మొదలైంది. సాయంత్రాలు కొట్టమే బడి అయ్యింది. కాక రాసిన 'అ' చూసి నేను, "గిది అ కాదు, పండుకున్న ఎద్దు" అంటే బొగ్గు నా మీద విసిరేవాడు. మళ్ళీ నవ్వు వచ్చింది ఆ ఇంట్లోకి. అవ్వ దేవుడి పటం ముందు దీపం పెట్టి, సారు అర్ర గడపకు కూడా పసుపు రాసింది. కాక గుణింతంలోకి వచ్చాడు. ఊళ్ళో వాళ్ళ పేర్లన్నీ గోడలకెక్కాయి. ఒకసారి సారు 'ధమని' అని రాసి దిద్దమంటే, "అది వద్దు సారూ" అన్నాడు కాక. సారు వెంటనే చెరిపేశాడు.

ఎండలు ముదిరాయి. ఫ్యాక్టరీ ఆ ఏటికి ఆగింది. సడక్ ఖాళీ అయ్యింది. సారుకు ముప్కాల్ దిక్కు ఎక్కడికో బదిలీ అయ్యిందని కబురు వచ్చింది.

పోయే రోజు పెట్టె, చాప కట్టి బయట పెట్టాక బాపు బండి కట్టమని కూలివాణ్ణి పిలిచాడు. "వద్దు, నేను తోల్త" అన్నాడు కాక. చెయ్యి పోయాక ఆయన బండి ఎక్కడం అదే మొదలు. పగ్గాలు రెండూ ఎడమచేతిలో చుట్టుకుని ముందర కూర్చున్నాడు. ఎడ్లకు ఆయన గొంతే చాలు. నేనూ ఎక్కాను. బండి బోధన్ బస్టాండు దారి పట్టింది. మాటల సారు నోటి వెంట ఒక్క మాటా రాని దారి అది.

బస్సు వచ్చింది. పెట్టె పైకి ఎక్కించారు. సారు చేతులు జోడించాడు. కాక తిరిగి దండం పెట్టడానికి ఎడమచెయ్యి లేపాడు. లేపి, కుడిచెయ్యి రాకపోయేసరికి గాలిలో అలాగే ఆపేశాడు. ఆయన మొహం మాడిపోయింది. సారు ముందుకు వచ్చి, వేలాడుతున్న ఆ కుడిచేతిని జాగ్రత్తగా ఎత్తి, ఎడమచేతికి ఆనించి, ఆ రెండింటినీ తన రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. కండక్టరు విజిలు వేసేదాకా అలాగే నిలబడ్డారు.

"గుణింతం ఇడువకు తమ్మీ" అన్నాడు సారు.

"నువ్వు లేంది ఎవలు సెప్తరు సారూ" అన్నాడు కాక.

అంతే. బస్సు పోయింది.

కాక గుణింతం అక్కడే ఆగింది. నేను చెప్తానంటే, "నువ్వా? నా కండ్ల ముందట పుట్టినవ్, నువ్వు నాకు సారువా?" అని కొట్టిపారేశాడు. గోడలకు సున్నం వేసినప్పుడల్లా అవ్వ కొట్టం గోడను మాత్రం వదిలేసేది. ఆ అక్షరాలు ఎండకూ వానకూ మసకబారి, చివరికి కొట్టమే కూలిపోయింది. ఎడ్లు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. ట్రాక్టర్లు వచ్చాక బండి చక్రాలు కొలిమికి పోవడం మానేశాయి. కమ్మరి మామ కొడుకులు బోధన్‌లో వెల్డింగు పనికి కుదురుకున్నారు. తరువాత ఫ్యాక్టరీ కూడా మూగబోయింది. మా చెరుకు చేలు వరి చేలయ్యాయి. ఇప్పుడు ఆ సడక్‌ను ఎంతో వెడల్పు చేశారు. దాని మీద పోతుంటే మడ్డి వాసన కోసం నా ముక్కు ఇంకా వెతుకుతుంది.

నేను పెళ్ళై సారు సొంత ఊరైన నిజామాబాదు వచ్చి స్థిరపడ్డాను. ఊరికి పోయినప్పుడల్లా కాక అడిగేవాడు. "నిజామాబాద్ల ఉంటవ్ గద, సారు కండ్లబడ్డడా?"

"లేదు కాకా."

నేను వెతకలేదని కాదు. రిటైరైన పంతుళ్ళను అడిగాను, పాత గల్లీల్లో మూలికల మందులు చేసిన ఇళ్ళ కోసం అడిగాను. ఎవరిని అడిగినా ముందు వాళ్ళే అడిగేవారు, పేరేందమ్మా అని. మాకు ఆయన మాటల సారు. అసలు పేరు బాపుకు తెలిసి ఉండాలి. నాకు అడగాలని తోచేసరికి బాపు లేడు. ప్రతి మాటకూ పుట్టిల్లు వెతికిన మనిషిని, నీ ఇల్లెక్కడ, నీకెవరున్నారు అని మా ఇంట్లో ఒక్కరమైనా అడిగామా అని తలుచుకుంటే నాకు గుర్తు రాదు.

మధ్యాహ్నం చిన్న డాక్టరు మాస్కు కిందికి జరుపుతూ వచ్చి, "అయిపోయిందమ్మా. తమ్ముడికి మంచిగుంది, రోడ్డు క్లియర్" అన్నాడు. మరదలు నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా ఏడుపులో సగం ఎవరి కోసమో ఆమెకు తెలియదు.

కాకను చివరిసారి చూసింది పోయిన ఏటి ముందటి చలికాలంలో. మంచంలో ఉన్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. పట్టాక, ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి రెండూ కలిపి దండం పెట్టాడు. ఎవరు వచ్చినా అలాగే పెట్టేవాడు. ఆ తర్వాత ఎప్పటి మాటే అడిగాడు.

"సారు కండ్లబడ్డడా?"

"లేదు కాకా. వెతుకుతనే ఉన్న."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని లేవబోతుంటే, చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

"గంత పెద్దదానే నిజామాబాద్?"

"పెద్దదే కాకా" అన్నాను.